పదిహేనో తారీఖు పాఠం

డస్టర్ సార్ తన జీవితంలో చేసిన అతి పెద్ద మోసం సరిగ్గా యాభై నిమిషాలు సాగింది. అందులో అరవై రెండు మంది సహనిందితులు. సాక్షి ఒక్కరే. ఆ సాక్షిని బెంచీ మీంచి లేపి, వరండాలో నిలబెట్టి, సగటుకి మూడడుగులు వెనక అని తేల్చిందీ ఆయనగారే.

యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పే అతనికి ఆ పేరు పిల్లలు పెట్టారు. క్లాసు అయిపోగానే పుస్తకం బల్ల మీద మర్చిపోయి, డస్టర్‌ని మాత్రం భద్రంగా జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. పెళ్ళి కాలేదు. ప్యాంటు కుడి జేబు ఎప్పుడూ తెల్లగా ఉంటుంది.

ఆ ఏడాది ఉత్తమ అధ్యాపక అవార్డుకి దరఖాస్తు పెట్టాడు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు బలవంతం చేశారని అందరితో చెప్పాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఎవరూ దేనికీ బలవంతం చేసిన దాఖలా లేదు. ఫారం తనే డౌన్‌లోడ్ చేసుకున్నాడు. 'విద్యార్థులతో మీ అనుబంధం' అన్న చోట నాలుగు పేజీలు రాశాడు. రాసింది చదువుకుని, ఇంత మంచివాడినా నేను అని కాస్త కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఒకటే చిక్కు. పదహారో తారీఖున వేరే డిపార్ట్‌మెంట్ నుంచి పరిశీలకులు ఒకరు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని పాఠం చూస్తారు. ఫారం నింపుతారు. సగం మార్కులు ఆ ఫారంలోనే ఉన్నాయి.

అతని అక్క లేడీస్ టైలర్. కింద ఆమె షాపు, పైన అతని గది. సంగతంతా విని, నోట్లో ఉన్న గుండుసూదులు తీయకుండానే, దీనికింత ఆలోచన దేనికిరా, ట్రయల్ వేసి చూసుకో అంది. ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ వదులైందో ముందే తెలుస్తుందంది.

అతను ఆ మాట పట్టుకుని, పదిహేనో తారీఖున మొత్తం క్లాసుకి ట్రయల్ వేశాడు.

ఏ జోక్‌కి ఎంతసేపు నవ్వాలో, ఎవరెవరు ఎప్పుడు తల ఊపాలో కాగితం మీద రాసి పంచాడు. ఇరవయ్యో నిమిషంలో క్లాస్ లీడర్ లేచి, "తేడాలన్నీ ఊరికే కూడితే సరిపోదా సార్, వర్గం ఎందుకు చేయాలి?" అని అడగాలి. తను మూడు సెకన్లు కిటికీలోంచి బయటికి చూసి, "మంచి ప్రశ్న" అనాలి. ఆ మూడు సెకన్ల చూపుని అద్దం ముందు ఒక ఆదివారమంతా సాధన చేశాడు.

ట్రయల్ మొదలైన కాసేపటికి బయట వాన పట్టుకుంది. క్లాసులోనూ కొంచెం పట్టుకుంది, ఆ గది కప్పు కారుతుంది మరి. బోర్డు పక్కన బకెట్ శాశ్వత సభ్యుడు. అప్పుడే ఒకామె తడిసిన గొడుగు ముడుచుకుంటూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. సంచీలోంచి తెల్ల కోటు అంచు కనిపిస్తోంది. ఏ పీజీ అమ్మాయో వానకి లోపలికొచ్చిందనుకుని అతను పట్టించుకోలేదు.

ఇరవై రెండో నిమిషంలో, గోడ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. మూడు నెలలుగా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో క్లాసులో ఎవరికీ తెలియదు.

"సార్, రేపు నన్ను తల ఊపమని రాశారు. ఊపుతాను. కానీ నాకు సగటు దగ్గర్నుంచే ఏమీ అర్థం కాలేదు."

ఈ మాట కాగితంలో లేదు. అతను ఆ అమ్మాయి వైపు చూశాడు. చేతిలోని కాగితం బకెట్‌లో పడింది. అది పడిన సంగతి అతనికి సాయంత్రం దాకా తెలియదు.

అందరినీ వరండాలోకి తోలాడు. పది మందిని ఎంచి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారని ఒక్కొక్కరినీ అడిగాడు. తొమ్మిది మంది పిల్లలయ్యాక వెనక బెంచీ ఆమె దగ్గర ఆగాడు. వానకి వచ్చినా ఫర్వాలేదు గానీ నా క్లాసులో ఊరికే కూర్చోవడం కుదరదన్నాడు.

"నాలుగు గంటలు," అంది ఆమె.

"ఏ డిపార్ట్‌మెంట్?"

"కెమిస్ట్రీ."

"చదువుకునే వయసులో ఇలా నిద్ర మానకూడదమ్మా," అన్నాడు డస్టర్ సార్, పెద్దరికం ఒలకబోస్తూ. పది మందికీ లెక్క కడితే సగటు ఏడు వచ్చింది. వరండా మధ్య స్తంభం ఏడు. గంటకో అడుగు. "మీరు సగటుకి మూడడుగులు వెనక. వెళ్ళి అక్కడ నిలబడండి."

"అలాగే సార్," అంది ఆమె. వెళ్ళి నిలబడింది. ఆ చోటు సరిగ్గా చూరు కింద ఉంది. గొడుగు క్లాసులోనే ఉంది.

ముందుకున్న అడుగులూ వెనకున్న అడుగులూ కూడమన్నాడు. గోడ పక్క అమ్మాయి లెక్క పెట్టింది. సున్నా వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ సున్నా.

"అదేంటి సార్, ఇంతమంది ఇంత దూరం జరిగితే ఎవరూ కదలనట్టు వచ్చింది?" అంది. ఆ అమ్మాయి స్తంభం వైపు చూసింది, వానలో తడుస్తున్న ఆమె వైపు చూసింది. "ముందువీ వెనకవీ ఒకదాన్నొకటి కొట్టేశాయి. మైనస్ ఉంటే కొట్టేస్తూనే ఉంటుంది. అందుకని... వర్గం చేస్తే మైనస్ పోతుంది. అందుకా సార్?"

డస్టర్ సార్ నవ్వాడు. అద్దం ముందు సాధన చేసిన నవ్వు కాదది. అందుకే కాస్త అసహ్యంగా, చెవుల దాకా ఉంది.

అందరూ లోపలికొచ్చారు. చూరు కింది ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పదిన్నరకి డీన్ గారు తలుపు దగ్గర కనిపించి, వీరే మీ పరిశీలకులు, కెమిస్ట్రీ మేడమ్, ఎనిమిదేళ్ళ సర్వీసు, మూడేళ్ళ కిందట ఇదే అవార్డు గ్రహీత అని పరిచయం చేశారు. ఆ పక్కన నిన్నటి గొడుగు ఉంది. గొడుగు కింద నిన్నటి మనిషి ఉంది.

చదువుకునే వయసులో నిద్ర మానకూడదమ్మా అన్న తన గొంతు అతనికి చెవిలో మళ్ళీ వినిపించింది. భూమి చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననుకున్నాడు. భూమికి ఆ రోజు వేరే పనులున్నాయి.

పాఠం ఆపే దారి లేదు. అరవై రెండు మంది తయారుగా ఉన్నారు. మొదటి జోక్‌కి నిన్నంతసేపే నవ్వారు. క్లాస్ లీడర్ కంగారులో ఇరవయ్యో నిమిషానికి బదులు పన్నెండో నిమిషంలోనే లేచి, ఇంకా చెప్పని పాఠం మీద ప్రశ్న అడిగేశాడు. అతను మూడు సెకన్లు కిటికీలోంచి చూశాడు. కిటికీ మూసి ఉంది. "మంచి ప్రశ్న," అన్నాడు చెక్క రెక్కతో. గోడ పక్క అమ్మాయి మాత్రం ఇల్లు తనదే అన్నంత ధీమాగా తల ఊపింది. ఆమెకిప్పుడు నిజంగానే అర్థమైంది.

కెమిస్ట్రీ మేడమ్ ఫారం మీద ఒక్క అక్షరం రాయలేదు. యాభై నిమిషాలూ పెన్ను మూత తీయలేదు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "నిన్న ఆరు గంటలు పడుకున్నాను సార్. ఒక్కడుగే వెనక," అని వెళ్ళిపోయింది.

అవార్డు ఆశ ఆ తలుపులోంచే వెళ్ళిపోయిందనుకున్నాడు. నెల తిరిగేసరికి అవార్డు అతనికే వచ్చింది.

మోసం చేసినవాడికి శిక్ష పడలేదని మీరు బాధపడక్కర్లేదు. అవార్డే శిక్ష.

ముందు స్టాఫ్‌రూమ్ మారిపోయింది. అతను లోపలికి రాగానే టీ తాగుతున్నవాళ్ళు కప్పుల్లోకి చూడటం మొదలెట్టారు. ఉత్తముడు వచ్చాడు, సర్దుకోండి అనేవారు. పరీక్షల్లో అనుమానం వస్తే ఇదివరకు అతన్నే అడిగే పక్క సీటాయన, ఇప్పుడు అంత పెద్దవారిని ఎందుకు ఇబ్బంది పెట్టడం అనేవాడు.

తర్వాత డీన్ గారు కబురు పంపారు. ఇంత బాగా పాఠం చెప్పేవాడిని పాఠాలకే పరిమితం చేయడం అన్యాయమన్నారు. బోధనా ప్రతిభా కేంద్రం అని ఒకటి పెట్టి అతన్ని ఇంచార్జిని చేశారు. ఏసీ గది ఇచ్చారు. కప్పు కారదు. బోర్డు లేదు. అతని క్లాసులు గెస్ట్ లెక్చరర్‌కి వెళ్ళిపోయాయి. ఏడు కమిటీల్లో పేరు చేరింది. అందులో ఒకటి, మిగతా ఆరూ సక్రమంగా సమావేశమవుతున్నాయో లేదో చూసే కమిటీ. ఒకరోజు 'తరగతిలో సహజత్వం' అనే అంశం మీద గంటసేపు ఉపన్యాసం కూడా ఇచ్చాడు. సహజంగా రావడానికి నాలుగుసార్లు రిహార్సల్ చేశాడు.

జేబులో డస్టర్ మాత్రం ఉంది. తుడవడానికి ఏమీ లేక ఏసీ రిమోట్ తుడిచేవాడు.

ఆ ఎడారిలో ఒకే ఒక్క చెట్టు, కేంద్రంలో బుధవారాల సమావేశం. పాత గ్రహీతగా కెమిస్ట్రీ మేడమ్ దానికి రావాలి. పది నిమిషాలు ముందే వచ్చి, ఈ వారం ఎన్ని అడుగులు వెనకున్నానో లెక్క చెప్పేది. ఆమె వేళ్ళ చివర ఆసిడ్ మచ్చలుండేవి. వాటిని చూస్తూ అతను ఎజెండా మర్చిపోయేవాడు. ఒకసారి మినిట్స్‌లో 'ఆమె నవ్వింది' అని రాసి, తర్వాత కొట్టేశాడు. వాన పడిన రోజు ఇద్దరూ ఒకే గొడుగులో క్యాంటీన్ దాకా నడిచారు. అతని ఎడమ భుజం తడిసి ముద్దయింది. నాలుగు రోజులు తుమ్మాడు. ప్రతి తుమ్ముకీ మురిసిపోయాడు.

ఆ రిహార్సల్ సంగతి ఒప్పుకుందామని ప్రతి బుధవారం అనుకునేవాడు. ఆమెకి తెలుసని అతనికి తెలుసు. తెలిసీ మార్కులెందుకు వేసిందన్నదే గొంతులో ముల్లులా ఉంది. జాలిపడి వేసిందేమోనని భయం. ప్రేమించినవాళ్ళ దగ్గర మనిషి దేన్నైనా తీసుకోగలడు గానీ జాలి మార్కులు తీసుకోలేడు.

ఇంతలో డీన్ గారు ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. అసోసియేట్ డీన్ పదవి, మూడేళ్ళు, క్లాసులు పూర్తిగా మినహాయింపు. శుక్రవారం లోపు సంతకం పెట్టి పంపాలి. దాంతోపాటు అతని ఫైలు పై స్థాయి అవార్డుకి కూడా వెళ్తుందట, ఒకసారి సరిచూసుకోమన్నారు.

ఫైలు తెరిచాడు. పరిశీలన ఫారం మొదటి పేజీలోనే తప్పు కనిపించింది. తేదీ పదహారుకి బదులు పదిహేను ఉంది.

పైవాళ్ళు చూస్తే ఫైలు తిప్పికొడతారు, మాట ఆమెకొస్తుంది. తనకేమైనా ఫర్వాలేదు గానీ ఆమెకి మాట రాకూడదు. రెండో పేజీ తిప్పకుండానే ఫారం పట్టుకుని కెమిస్ట్రీ ల్యాబ్‌కి పరిగెత్తాడు. ల్యాబ్ ఖాళీగా ఉంది. ఆమె గాజు గొట్టాలు కడుగుతోంది. అతను డస్టర్ తీసి బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను వెతికి ఆమె ముందుంచాడు.

"తేదీ తప్పు పడింది మేడమ్. ఒక్క అంకె దిద్దేయండి."

"తేదీ సరిగ్గానే ఉంది," అంది, చేతులు తుడుచుకుంటూ. "రెండో పేజీ చదవలేదా?"

చదవలేదు. అవార్డు కమిటీలో కూడా ఎవరూ చదివి ఉండరని, వాళ్ళు మార్కుల వరస మాత్రమే కూడతారని ఆమె చెప్పింది. అప్పుడు చదివాడు. చక్కటి గుండ్రటి అక్షరాలు.

'పదిహేనున గది ఎక్కడో చూసుకుందామని వెళ్ళి, రిహార్సల్ మధ్యలో పడ్డాను. ఇరవై రెండో నిమిషంలో ఒక విద్యార్థిని అర్థం కాలేదంది. ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఈయన అవార్డునీ, పరిశీలకుల్నీ, వాననీ, తననీ మర్చిపోయారు. ఈ మార్కులు ఆ పదకొండు నిమిషాలవి. పదహారున కూడా వెళ్ళాను. రాయదగ్గది ఏమీ జరగలేదు.'

అతను మళ్ళీ మొదట్నుంచి చదివాడు. కళ్ళెత్తి చూడటానికి ధైర్యం చాల్లేదు.

"జాలిపడి వేశారనుకున్నాను," అన్నాడు చివరికి.

"చూరు కింద పదకొండు నిమిషాలు నిలబెట్టినవాడి మీద ఎవరికైనా జాలి కలుగుతుందా?"

తర్వాత ఆమె నవ్వు తగ్గించి తన సంగతి చెప్పింది. మూడేళ్ళ కిందట తనకీ ఇలాంటి గదే ఇచ్చారు. రెండేళ్ళు కూర్చుంది. ఒకరోజు చేతులు చూసుకుంటే ఒక్క మచ్చ లేదు. పెళ్ళిచూపులకి బాగుంటాయని ఇంట్లో సంతోషించారట. తనకి మాత్రం అవి ఎవరి చేతులో అనిపించాయి. మర్నాడే రాజీనామా ఇచ్చి ల్యాబ్‌కి వచ్చేసింది.

"బాగా చెప్తున్నామని అవార్డిస్తారు సార్. ఇచ్చాక చెప్పనివ్వరు," అంది. "మీ గోడ పక్క అమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసా?"

తెలియదు. మళ్ళీ నోరు మూసుకుందట.

శుక్రవారం అతను సంతకం లేని ఉత్తరాన్ని డీన్ గారి బల్ల మీద పెట్టాడు. నాకు నా కప్పు కారే గదే కావాలన్నాడు. పనిలో పనిగా పదహారో తారీఖు నాటకం కూడా చెప్పేసి, అవార్డు వెనక్కి తీసుకున్నా అభ్యంతరం లేదన్నాడు. డీన్ గారు ఫారం రెండో పేజీ చదివారు. చాలాసేపు చదివారు. ఆయన వెనక గోడ మీద అదే అవార్డు వేలాడుతోంది, ఫ్రేములో కాగితం పసుపుపచ్చగా మారింది.

"నేను చాక్‌పీసు పట్టుకుని పంతొమ్మిదేళ్ళయింది," అన్నారు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. ఆయన అరవలేదు. ఇది వెనక్కి తీసుకునే అవార్డు కాదు, తేదీ కరెక్టే అన్నారు. ఆ కేంద్రాన్ని అవార్డు గ్రహీతలు తలా ఒక సెమిస్టర్ చూసుకోవచ్చని, చూసేవాళ్ళు క్లాసు మాత్రం మానకూడదని అక్కడికక్కడే నోట్ రాశారు. అతను తలుపు దాకా వెళ్ళాక పిలిచి, మీ క్లాసులో వెనక బెంచీ ఖాళీ ఉంటుందా, ఊరికే, ఒక్కరోజు అని అడిగారు. గొడుగు తెచ్చుకోమని చెప్పాడు.

అలా ఒక పని తేలింది. రెండోది దానికన్నా కష్టమైంది.

శనివారం మధ్యాహ్నం, ఖాళీ క్లాసులో, అక్కని స్పీకర్‌ఫోన్‌లో పెట్టి, బల్లకి ఆనించి, అతను ప్రేమ ప్రకటనకి ట్రయల్ వేశాడు. రెండు పేజీలు రాసుకొచ్చాడు. 'ప్రియమైన సహోద్యోగినికి' అని మొదలై, ఉపసంహారంతో ముగుస్తుంది. మొదటి పేజీ సగంలోనే కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఒరేయ్, ఇది పెళ్ళి మాటా, సర్క్యులరా? మొత్తం విప్పదీసేయ్. నీకేమనిపిస్తుందో అది చెప్పు చాలు."

అతను కాగితం మడిచాడు. ఖాళీ బెంచీల వైపు చూశాడు.

"ఆవిడ వెనక బెంచీలో కూర్చుంటే నాకు భయమక్కా. కూర్చోకపోతే ఇంకా భయం."

అక్క గొంతు మారింది. అదే చెప్పరా, ఇంకేం కలపకు, ఆ అమ్మాయిని నాకు చూపించు, కొలతలు నేను తీసుకుంటాను అంది.

ఫోన్ పెట్టేసి బయటికొస్తుంటే తలుపు పక్క కిటికీలో డస్టర్ కనిపించింది. రెండు రోజులుగా వెతుకుతున్నాడు. దొరికింది కదా అని జేబులో వేసుకున్నాడు. అది అక్కడికి ఎలా వచ్చిందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సంభావ్యత గురించి పన్నెండేళ్ళుగా పాఠాలు చెప్తున్న మనిషి.

మర్నాడు ఆదివారమైనా ల్యాబ్ రికార్డులు దిద్దడానికి ఆమె వస్తుందని తెలిసి, వరండాలో కాపు కాశాడు. సన్నగా తుంపర. ఆమె గొడుగుతో వచ్చి స్తంభం అవతల ఆగింది. అతను నోరు తెరిచాడు. అక్క చెప్పమన్న ఒక్క ముక్క తప్ప అన్నీ వచ్చాయి.

"మనిద్దరి బోధనానుభవాన్ని దృష్టిలో పెట్టుకుని... అంటే సగటున చూస్తే... పరస్పర సహకారంతో..."

"డస్టర్ దొరికిందా?" అంది ఆమె.

"దొరికింది. కిటికీలో..." అని ఆగిపోయాడు. గురువారం ల్యాబ్ బల్ల మీద డస్టర్ పెట్టి పెన్ను వెతుక్కోవడం కళ్ళముందు మెదిలింది. తిరిగి తీసుకోవడం మెదల్లేదు.

"ఇద్దామని నిన్న వచ్చాను," అంది ఆమె. "మీరు బెంచీలకి పాఠం చెప్తున్నారు. మధ్యలో ఆపడం మర్యాద కాదు కదా. తలుపు పక్కన నిలబడ్డాను."

"ఎంతవరకు విన్నారు?"

"కొలతల దాకా."

డస్టర్ సార్ చెవులు ఎర్రబడ్డాయి. తన బతుకులో ఏ ముఖ్యమైన ఘట్టమూ అసలు రోజున జరగదని, అన్నీ ముందురోజే అయిపోతాయని అతనికి అప్పుడు అర్థమైంది.

"అయితే ఈ రోజు చెప్పింది..."

"ఈ రోజు రాయదగ్గది ఏమీ జరగలేదు." ఆమె గొడుగు ముడిచి స్తంభానికి ఆనించింది. "నిన్నటి దానికి మాత్రం అవుననే రాశాను. తేదీ కూడా నిన్నటిదే."

అతని నోటికి తెలిసిన ఒక్కటే వచ్చింది.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?"

"రెండు. మీరు?"

"అసలు లేదు."

"అయితే సగటు ఒకటి," అంది ఆమె, స్తంభం మీద చెయ్యి వేసి. "ఇది ఒకటి అనుకుందాం."

లెక్క ప్రకారం ఆమె దానికి ఒక్కడుగు ఇటు, అతను ఒక్కడుగు అటు నిలబడాలి. నిలబడ్డారు. చూరు నీళ్ళు ఇద్దరి మీదా సమంగా పడుతున్నాయి. ఆ మిగిలిన అడుగు ముందు ఎవరు వేశారో ఏ ఫారంలోనూ లేదు. సోమవారం క్లాసుకి వచ్చిన కెమిస్ట్రీ మేడమ్ చీర భుజం మీద మాత్రం చాక్‌పీసు పొడి ఉందని పిల్లలు చెప్పుకున్నారు.